కాస్మిక్ కిరణాల పరిశోధన అంటున్న అమ్మాయి, కంప్యూటర్ సైన్సు అంటున్న తండ్రి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. ఊటీలో కాస్మిక్ కిరణాలను పట్టే డిటెక్టర్ల గురించి ఎక్కడో చదివి, తానూ ఫిజిక్సులోకే వెళ్తానంటోంది. మేము ఒక ప్రైవేటు కళాశాలలో సీఎస్ఈ ఏఐ సీటుకు అడ్వాన్సు కట్టాం, ఆమెకింకా చెప్పలేదు. ఫిజిక్సు చదివితే ముప్పై ఏళ్ళు దాటేదాకా స్థిరపడలేరంటున్నారు, పైగా ఆడపిల్ల. రెండు దారులనూ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అయ్యా, ఫలితాలు రాకముందే ప్రతి ఏడాదీ నాకు ఇటువంటి ఉత్తరాలు వస్తాయి. సబ్జెక్టు పేరు మారుతుంది గాని, వెనుక ఉన్న భయం ఒక్కటే: ఇంతకాలం చదివించాక బిడ్డ ఏ ఆధారమూ లేకుండా మిగిలిపోతుందేమోనని. మీరు అడిగిన పోలిక కన్నా ముందు ఆ భయం గురించే మాట్లాడతాను.

మీ అమ్మాయి చదివినది టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి గ్రేప్స్-3 ప్రయోగం గురించి అయి ఉంటుంది. అక్కడ 2,200 మీటర్ల ఎత్తున, ఒక్కొక్కటి ఒక చదరపు మీటరు వైశాల్యం గల కణం తాకితే మెరిసే సుమారు 400 సింటిలేటర్ డిటెక్టర్లను ఎనిమిదేసి మీటర్ల ఎడంతో అమర్చారు. కాస్మిక్ కిరణాలంటే అంతరిక్షం నుంచి దూసుకువచ్చే కణాలు. అటువంటి ఒక ప్రోటాను గాలిలోని పరమాణు కేంద్రకాన్ని ఢీకొన్నప్పుడు పుట్టే కణాల జల్లు నేల మీద చాలా మేర పరుచుకుంటుంది. ఏ డిటెక్టరును ఎన్ని నానోసెకన్ల తేడాతో తాకిందో చూసి అది వచ్చిన దిక్కును, మొత్తం కణాల లెక్కను బట్టి శక్తిని అంచనా వేస్తారు. అక్కడే ఉన్న 560 చదరపు మీటర్ల మ్యూయాన్ టెలిస్కోపులో నమోదైన మ్యూయాన్లను, అంటే జల్లులో పుట్టే, ఎలక్ట్రానును పోలిన బరువైన కణాలను లెక్కించి, వచ్చినది ప్రోటానా లేక ఇనుము వంటి బరువైన కేంద్రకమా అని తేల్చే ప్రయత్నం చేస్తారు.

ఇంత వివరంగా ఎందుకు రాశానంటే, ఈ పనిలో ఒక విద్యార్థి ఏమేమి నేర్చుకుంటుందో మీకు కనిపించాలని. నానోసెకన్ల తేడాను పట్టే ఎలక్ట్రానిక్సును అర్థం చేసుకోవాలి, రోజుకు దాదాపు 30 లక్షల జల్లులను వడకట్టే ప్రోగ్రాములు రాయాలి, కంప్యూటరులో కృత్రిమ జల్లులను సృష్టించి అసలు డేటాతో సరిచూడాలి, వర్షంలోనూ ఉరుములలోనూ పరికరాలు సక్రమంగా పనిచేస్తున్నాయో లేదో కనిపెట్టుకుని ఉండాలి. పదేళ్ళ తరువాత ఆమె పరిశోధనను వదిలివేసినా ఈ నైపుణ్యాలు ఆమెను వదిలిపోవు. డేటా విశ్లేషణలో, పరికరాల తయారీలో వీటికి గిరాకీ ఉంది. లద్దాఖ్‌లోని హాన్లేలో 4,270 మీటర్ల ఎత్తున నిలబెట్టిన మేస్ గామా కిరణాల టెలిస్కోపు నిర్మాణంలో హైదరాబాదులోని కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ భాగస్వామి అన్న సంగతి కూడా ఆమెకు చెప్పండి.

అయితే కష్టాన్ని దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. 2014 డిసెంబరు 1న ఊటీ మీదుగా పోయిన ఒక ఉరుముల మేఘంలో దాదాపు 130 కోట్ల వోల్టుల విద్యుత్ పీడనం ఉన్నదని గ్రేప్స్-3 బృందం మ్యూయాన్ల సంఖ్యలో వచ్చిన మార్పును బట్టి కనుగొన్నది. ఆ ఫలితం ప్రచురితమైనది 2019లో. 2014, 2015 సంవత్సరాల డేటా నుంచి ఏ శక్తి గల ప్రోటాన్లు ఎన్ని వస్తున్నాయో చూపే శక్తి వర్ణపటంలో గుర్తించిన ఒక కొత్త మలుపు 2024లో గాని వెలువడలేదు. అర్జెంటీనాలో 3,000 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన కాస్మిక్ కిరణాల పరిశోధన కేంద్రం పియెర్ ఓజే అబ్జర్వేటరీ ఆలోచన 1992 నాటిది, నిర్మాణం పూర్తయినది 2008లో. ఇటువంటి నిదానాన్ని మీ అమ్మాయి భరించగలదా అన్నదే అసలు పరీక్ష. ఒక లెక్కను రెండు రోజులు విడవకుండా పట్టుకునే స్వభావం ఉంటే భరిస్తుంది, వెంటనే జవాబు దొరకకపోతే విసుగు చెందే స్వభావమైతే కష్టపడుతుంది. ఈ సంగతి నాకన్నా మీకే బాగా తెలియాలి.

శాశ్వత ఉద్యోగాలు తక్కువ. ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ కోర్సు, ఐదారేళ్ళ పీహెచ్‌డీ, ఆపైన కొన్నేళ్ళు పోస్ట్‌డాక్ అనే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, తరచుగా విదేశంలో. ముప్పై దాటుతుందన్న మాట నిజమే. కాని పీహెచ్‌డీ కాలంలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కింద నెలకు 37,000, తరువాత 42,000 రూపాయల ఫెలోషిప్పు వస్తుంది. అంటే అప్పటికే తన కాళ్ళ మీద తాను నిలబడినట్టే.

ఇక మీరు ఎంచుకున్న దారి గురించి. కంప్యూటర్ సైన్సు మంచి చదువు, దాన్ని ఇష్టపడి చదివేవారికి నేనెన్నడూ అడ్డు చెప్పలేదు. నా అనుమానమంతా పేరు చివర తగిలించే ఏఐ మీదనే. చాలా కళాశాలలు పాత సిలబస్‌కు రెండు మూడు కొత్త పేపర్లు కలిపి, వాటిని లోతుగా బోధించగల అధ్యాపకులు లేకుండానే ఎక్కువ రుసుము వసూలు చేస్తున్నాయి. గణాంకశాస్త్రం, లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా రాని పట్టాకు ఆ పేరు ఎన్నాళ్ళు విలువ తెస్తుంది? ఆ రెండూ ఫిజిక్సు విద్యార్థికి తప్పవు.

మీరు అడ్వాన్సు కట్టి, ఆ సంగతి పదిహేడేళ్ళ బిడ్డకు చెప్పకుండా నన్ను పోలిక అడగడం సరి కాదు. పోలిక చూడవలసినది ఆమె. పైగా ఆడపిల్ల అన్నారు. కొడుకైతే ముప్పై ఏళ్ళ లెక్క మీకు ఇంత భయంకరంగా కనిపించేదా? పెళ్ళి సంబంధాల క్యాలెండరును బట్టి చదువును కొలిస్తే, రేపు ఇంజనీరింగు తరువాత ఎమ్మెస్ అన్నా ఇదే మాట అంటారు. దయచేసి ఆ మాటను ఆమె ముందు అనకండి.

దారులు రెండే అనుకోవద్దు. సైన్సు చదువుకు, పరిశోధనకు ప్రత్యేకించిన కేంద్ర సంస్థ ఐసర్ తిరుపతికి, హైదరాబాదు విశ్వవిద్యాలయానికి దరఖాస్తులు చేయించండి. ఇంజనీరింగే కావాలంటే ఈసీఈని కూడా ఆలోచించండి, ఎందుకంటే బీటెక్ తరువాత కూడా టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఫిజిక్సు పీహెచ్‌డీకి ప్రవేశ పరీక్ష రాయవచ్చు. ఈ వారంలోనే అడ్వాన్సు సంగతి ఆమెకు చెప్పి, అది తిరిగి వచ్చే గడువు ఎప్పటితో ముగుస్తుందో కళాశాల నుంచి రాతపూర్వకంగా తెలుసుకుని, ఆ తేదీలోపు ఆమె నిర్ణయాన్ని వినండి.