గ్రాఫిక్స్ కార్డు రేటు పెరుగుతుందనే టెన్షన్ సరే, ఖాతాలో ఉన్న 22 వేల సంగతేంటి?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మాది కరీంనగర్ దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో ఒక చిన్న యాడ్ స్టూడియోలో ఎడిటర్‌ని. చేతికి 34 వేలు వస్తాయి. ఇంటి దగ్గర పెళ్లి వీడియోలు కూడా ఎడిట్ చేస్తాను, సీజన్‌లో నెలకు 8 వేల దాకా వస్తాయి. గది అద్దె, కరెంటు కలిపి 9 వేలు, అమ్మానాన్నలకి 8 వేలు, బైక్ ఈఎంఐ 4,100, ఫోన్ ఈఎంఐ 2,300 (ఇంకా 4 నెలలు), తిండి, పెట్రోలు 6,500. బ్యాంకులో 22 వేలు ఉన్నాయి. 30 వేలు పెట్టి ఆర్‌టీఎక్స్ 5060 గ్రాఫిక్స్ కార్డు కొనాలనుకుంటున్నాను. ర్యామ్ రేట్లు పెరిగాయి, కార్డుల రేట్లూ పెరుగుతాయి, ఇప్పుడే తీసుకో అని ఫ్రెండ్స్ అంటున్నారు. క్రెడిట్ కార్డు మీద 9 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉంది. లేకపోతే ఒక లోన్ యాప్ ఐదు నిమిషాల్లో డబ్బు ఇస్తానంటోంది. ఇప్పుడే కొననా, ఆగనా? కొంచెం గేమ్స్ కూడా ఆడతాను.

జవాబు: మీ లెక్కలన్నీ దాచకుండా రాశారు, అందుకే ఈ ఉత్తరం ఎంచుకున్నాను. ఇలాంటివి నాకు నెలకు పది వస్తాయి. కొందరు కెమెరా అంటారు, కొందరు ల్యాప్‌టాప్, కొందరు డ్రోన్. వస్తువు మారుతుంది గానీ అందరూ అడిగేది ఒకటే: ధర ఎప్పుడు తగ్గుతుంది? "నాకు రెండు నెలలు జీతం రాకపోతే ఏమవుతుంది" అని ఒక్కరూ అడగరు.

మీ ఫ్రెండ్స్ చెప్పింది అబద్ధం కాదు. మెమరీ చిప్‌లు తయారుచేసే కంపెనీలు ఏఐ డేటా సెంటర్ల వైపు మళ్లాయి. క్రూషియల్ పేరుతో మామూలు జనానికి ర్యామ్ అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నామని మైక్రాన్ అనే చిప్‌ల కంపెనీ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. అదే నెలలో రూపాయి డాలరుకు 90 దాటింది. గ్రాఫిక్స్ కార్డులోనూ మెమరీ ఉంటుంది, అది వచ్చేది డాలర్లలో. కాబట్టి ధర పెరగొచ్చు. మూడు నాలుగు వేలు పెరిగిందనే అనుకుందాం. మీ జీవితంలో అదేమీ పెద్ద ప్రమాదం కాదు.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. ఖర్చులు 29,900. మిగిలేది 4,100. 30 వేల కార్డుకి 9 నెలల ఈఎంఐ అంటే నెలకు 3,333. ఇక చేతిలో ఉండేది 767 రూపాయలు. బైక్ టైరు పగిలితే అది కూడా చాలదు. పెళ్లి వీడియోల డబ్బు ఉందిగా అంటారేమో. ఆషాఢంలో ఎంత వచ్చింది? మూఢం నెలల్లో ఎంత? ముహూర్తాలు లేని నెలల్లో ఆ సంపాదన సున్నా, బ్యాంకు వాడి ఈఎంఐకి మూఢం ఉండదు.

నో కాస్ట్ అన్న మాట నమ్మకండి. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకి స్పష్టంగా చెప్పింది. వడ్డీని ముందే డిస్కౌంట్‌గా చూపించి, తర్వాత మీ దగ్గరే వసూలు చేస్తారు. మీ క్రెడిట్ కార్డు మీద వడ్డీ 16 శాతం అనుకుంటే, ఆ వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు కలిపి ఓ 580 రూపాయల దాకా అదనంగా పడుతుంది. నా గొడవ ఆ 580 గురించి కాదు. ఒక్క నెల పూర్తి బిల్లు కట్టలేక మినిమమ్ డ్యూ, అంటే బ్యాంకు అడిగే కనీస మొత్తం, కట్టారనుకోండి, మిగిలిన బాకీ మీద నెలకు మూడున్నర శాతం వడ్డీ మొదలవుతుంది. అంటే ఏడాదికి 42 శాతం. పైగా ఆ తర్వాత అదే కార్డు మీద కొన్న పాలప్యాకెట్‌కి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ.

నా క్లయింట్ ఒకాయనకి ఇలాగే జరిగింది. 2021లో క్రిప్టో మైనింగ్ (గ్రాఫిక్స్ కార్డులతో డిజిటల్ కరెన్సీ సంపాదించడం) పిచ్చి వల్ల కార్డులు దొరకని రోజుల్లో, ఇంకా పెరుగుతుందన్న భయంతో ఆర్‌టీఎక్స్ 3060ని 58 వేలకి ఈఎంఐలో కొన్నాడు. రెండు నెలలకే కోవిడ్ రెండో వేవ్‌లో వాళ్ల నాన్నగారు ఆస్పత్రిలో చేరారు. ఖాతాలో 11 వేలు ఉన్నాయి. ఆస్పత్రి బిల్లంతా క్రెడిట్ కార్డు మీదే పడింది, ఆ తర్వాత ప్రతి నెలా మినిమమ్ డ్యూనే. ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ 2022 సెప్టెంబర్‌లో మైనింగ్ పద్ధతి వదిలేశాక సెకండ్ హ్యాండ్ కార్డులు మార్కెట్‌ని ముంచెత్తాయి. ఆయన తన కార్డు అమ్మితే వచ్చింది 17 వేలు. బాకీ తీరడానికి ఇంకో ఏడాది పట్టింది. నా దగ్గరికి వచ్చినప్పుడు కార్డు ధర గురించి ఆయన ఒక్క మాట అనలేదు. "ఆ రోజు లక్ష ఉంటే చాలు సార్" అన్నాడు.

లోన్ యాప్ గురించి రాసిన వాక్యం చదివి నాకు కోపం వచ్చింది తమ్ముడూ. 2020 డిసెంబర్‌లో మన హైదరాబాద్‌లోనే ఈ యాప్‌ల వేధింపులు భరించలేక మనుషులు ప్రాణాలు తీసుకుంటే, పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. రిజిస్టర్ అయిన సంస్థ అయినా సరే, ఆట ఆడుకునే వస్తువు కోసం ఆ వడ్డీకి అప్పు చేయడమేంటి? ఆ యాప్ ఇవాళే తీసేయండి. దీని మీద ఇంకేం రాయను.

ఇది పెట్టుబడి, దీనితో సంపాదిస్తాను అనొచ్చు. కార్డు లేనందుకు పోయిన సీజన్‌లో ఎన్ని ఆర్డర్లు వదులుకున్నారు? మీ ఉత్తరంలో ఒక్కటీ లేదు. ఎక్స్‌పోర్ట్ ఆలస్యమవుతోందంటే రాత్రి పెట్టి పడుకోండి, ఎడిటింగ్ నత్తనడక నడుస్తుంటే ప్రాక్సీ ఫైళ్లు (వీడియోకి తేలికపాటి నకళ్లు) వాడండి. అది మీకు నాకన్నా బాగా తెలుసు. 'కొంచెం గేమ్స్ కూడా' అన్న ముక్క చివర్లో ఎందుకు దాచారో నాకు అర్థమైంది. ఆడుకోవడం తప్పు కాదు, అప్పు చేసి ఆడుకోవడమే తప్పు.

ముందు ఎమర్జెన్సీ ఫండ్. మూడు నెలల ఖర్చు, అంటే మీకు 90 వేలు. ఆరు నెలలది ఉండాలని నేను ఎప్పుడూ మొత్తుకుంటాను, కానీ మీ వయసుకి, జీతానికి మూడుతో మొదలుపెట్టనిస్తాను. చిన్న స్టూడియో ఉద్యోగం ఇది, ఒక పెద్ద క్లయింట్ వెళ్లిపోతే మొదట తీసేసేది కొత్తగా చేరిన ఎడిటర్‌నే. ఇంట్లో మీ మీద ఆధారపడ్డవాళ్లు ఇద్దరు. ఉద్యోగం పోయినా అద్దె, బైక్ ఈఎంఐ, ఇంటికి పంపేది ఆగవు. ఉన్న 22 వేలు మీ మూడు వారాల ఖర్చు, అంతే. దాంట్లోంచి కార్డుకి ఒక్క రూపాయి తీయకండి.

జీతంలో మిగిలే 4,100 మొత్తం అందులోకి. నాలుగు నెలల్లో 38,400 అవుతుంది. ఫోన్ ఈఎంఐ అయిపోగానే ఆ 2,300 కూడా కలపండి, ఇంకో ఫోన్ కొనేయకండి. నెలకు 6,400. ఎనిమిదో నెలకి 64 వేలు, ఏడాదికి 90 వేలకి ఒక నాలుగు వందలు తక్కువ. ఈ డబ్బు ఫోన్‌పే, గూగుల్ పేకి లింక్ లేని వేరే బ్యాంకు ఖాతాలో ఉండాలి. మ్యూచువల్ ఫండా, ఎఫ్‌డీనా అని ఇప్పుడు అడగకండి.

మరి కార్డు? పెళ్లిళ్ల పని కోసమే అంటారేమో, పెళ్లిళ్ల డబ్బునే కొననివ్వండి. ఆ సంపాదనంతా ఇంకో ఖాతాలో వేయండి. నాలుగు మంచి నెలల్లో 32 వేలు అవుతుంది. ధర పెరిగితే ఐదో నెల. కానీ ఎమర్జెన్సీ ఫండ్ 60 వేలు దాటాకే షాపుకి వెళ్లండి. ఈలోగా కార్డే రాకుండా పోతుందన్న భయం అక్కర్లేదు. ఈ శ్రేణిలో 4060 2023లో 299 డాలర్లకి వచ్చింది, 2025లో 5060 కూడా 299కే వచ్చింది. తర్వాత ఇంకోటి వస్తుంది.

ఇంకో మాట, అమ్మానాన్నలకి ఆరోగ్య బీమా గురించి ఒక్క ముక్క రాయలేదు. కంపెనీ పాలసీలో వాళ్లు ఉన్నారో లేదో రేపే కనుక్కోండి. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీలో 10 లక్షల దాకా కవర్ ఉంటుంది గానీ అన్ని జబ్బులూ అందులో రావు. వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి లేదు, కాబట్టి కొటేషన్ మళ్లీ తీసుకోండి.

సెకండ్ హ్యాండ్ కార్డు అయితే మైనింగ్‌లో నలిగినది కాదని తేలితేనే. కొత్తదైతే డబ్బు చేతిలో పెట్టుకుని సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో నాలుగు షాపులు తిరగండి. స్వైప్ చేస్తే రెండు శాతం ఎక్కువ అనే షాపులు అక్కడ చాలా ఉంటాయి, నగదుకి బేరం ఉంటుంది. 5060లో 8 జీబీ మెమరీయే ఉంది, 4కే వీడియోకి అది ఇరుకు. 12 జీబీ ఉన్న ఇంటెల్ ఆర్క్ బీ580 కార్డు ధర కూడా కనుక్కోండి. వెళ్లే ముందు మీ ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు అందించే పెట్టె) ఎన్ని వాట్లో చూసుకోండి, చాలకపోతే దాని ఖర్చు కూడా ఆ ఖాతాలోంచే రావాలి. జీఎస్టీ బిల్లు మీ పేరు మీద తీసుకోండి, రెండో ఏడాది ఫ్యాన్ తిరగడం మానేస్తే వారంటీకి అది లేకపోతే ఎవరూ మీ మాట వినరు.