పిన్ని కార్డుకు నీ పేరు చేర్చమని అడిగే ముందు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఉద్యోగం పోయి ఇంట్లో ఉన్న నెలల్లో రెండు కార్డుల గడువులు దాటిపోయాయని, క్రెడిట్ స్కోరు ఆరువందల కిందికి జారిందని, అమెరికాలోనే ఎడిసన్‌లో ఉన్న పిన్ని తన క్రెడిట్ కార్డు మీద నిన్ను ఆథరైజ్డ్ యూజర్‌గా, అంటే ఆ కార్డు వాడుకునే అనుమతి ఉన్న మనిషిగా చేర్చుకుంటే ఏమైనా ప్రయోజనం ఉంటుందా అని రాశావు. ఉంటుంది. అయితే పిన్ని దగ్గర నువ్వు తీసుకోవలసింది ఆమె పరపతి మాత్రమే, ఆమె డబ్బు కాదు. ఈ రెంటినీ వేరుగా ఉంచగలను అన్న నమ్మకం నీకు లేకపోతే అసలు అడగవద్దు.

అమెరికాలో చాలా బ్యాంకులు ఆథరైజ్డ్ యూజర్‌గా చేర్చిన మనిషి పేరు మీద కూడా ఆ ఖాతా వివరాలను అప్పుల చరిత్రను రిపోర్టులుగా నమోదు చేసే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ సంస్థలకు పంపుతాయి. అలా పిన్ని ఏళ్ల తరబడి సకాలంలో కట్టిన చరిత్ర నీ రిపోర్టులోకి వస్తుంది. బాకీ తీర్చవలసిన చట్టబద్ధమైన పూచీ మాత్రం ఆమెదే. నువ్వు ఆ కార్డు మీద వెయ్యి డాలర్లు ఖర్చు పెట్టినా బ్యాంకు అడిగేది ఆమెనే. ఈ పద్ధతికి మూలం 1974 నాటి ఈక్వల్ క్రెడిట్ ఆపర్చునిటీ యాక్ట్‌లో ఉంది. అంతకు ముందు ఖాతాలన్నీ భర్త పేరు మీదే నమోదు కావడంతో, భర్త పోయినా విడాకులు అయినా భార్యకు ఏ చరిత్రా మిగిలేది కాదు. భార్యాభర్తలిద్దరూ వాడుకునే ఖాతాను ఇద్దరి పేర్లనా నమోదు చేయాలని ఆ చట్టం కింద నిబంధనలు వచ్చాయి, ఆ వెసులుబాటే క్రమంగా పిల్లలకూ బంధువులకూ పాకింది.

ఇప్పుడు ఏ కార్డు అన్నది చూడాలి. పిన్నికి నాలుగు కార్డులు ఉండవచ్చు, అన్నీ నీకు పనికిరావు. పాతదై ఉండాలి, ఒక్క గడువు కూడా తప్పి ఉండకూడదు, లిమిట్‌లో వాడకం తక్కువగా ఉండాలి. ఈ మూడో సంగతినే చాలామంది మరచిపోతారు. పదిహేను వేల డాలర్ల లిమిట్ మీద స్టేట్‌మెంట్ నాటికి తొమ్మిది వందల బాకీ ఉంటే వాడకం ఆరు శాతమే. అదే ఇంటి మరమ్మతులకో ఇండియా టికెట్లకో తొమ్మిది వేలు గీకి ఉంటే అరవై శాతం అవుతుంది, ఆమె ఆ తరువాత మొత్తం కట్టేసినా ఆ నెల రిపోర్టులో కనిపించేది అరవై శాతమే. బ్యాంకులు ఎక్కువగా చూసే ఫైకో అనే క్రెడిట్ స్కోరులో సుమారు 35 శాతం చెల్లింపుల చరిత్రకు, 30 శాతం బాకీల మొత్తానికి చెందుతాయి కనుక అటువంటి కార్డు నీకు మేలు చేయకపోగా కీడు చేస్తుంది. బ్యాంకుకు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగమని పిన్నికి చెప్పు: ఆథరైజ్డ్ యూజర్ వివరాలు మూడు సంస్థలకూ పంపుతారా, పంపితే కార్డు తెరిచిన తేదీ నుంచి చూపిస్తారా లేక నిన్ను చేర్చిన తేదీ నుంచా? రెండోదైతే పాత కార్డు అన్న ప్రయోజనం చాలావరకు పోతుంది. నీ సోషల్ సెక్యూరిటీ నంబరు తప్పు లేకుండా ఇవ్వాలి, లేకపోతే ఖాతా నీ రిపోర్టుకు చేరకపోవచ్చు.

పిన్నితో మాట్లాడేటప్పుడు బాబాయి కూడా పక్కన ఉండేలా చూసుకో. ఆమె మనసు నాకు తెలుసు, అక్క కొడుకు అడిగితే కాదనలేదు. కాదనలేని మనిషిని ఒంటరిగా అడగడం మర్యాద కాదు. నీ గడువులు ఎందుకు తప్పాయో, ఇప్పుడు జీతం ఎంత వస్తోందో, ఇంకా ఎంత బాకీ ఉందో దాచకుండా చెప్పు. నీ పేరున వచ్చే కార్డును ఆమె దగ్గరే ఉంచుకోమని, యాప్‌లో లాక్ చేసుకోమని నువ్వే ముందుగా అను. వాడకపోయినా చరిత్ర నీకు వస్తూనే ఉంటుంది. ఏడాది తరువాత నీ పేరు తీయించుకుంటానని మాట ఇచ్చి, ఆ మాట వాట్సాప్‌లో రాసి కూడా పెట్టు. ఆమె వద్దంటే ఆ సంగతి మళ్లీ ఎత్తవద్దు, మీ అమ్మతో చెప్పించవద్దు. ఒక మేనమామగా నాకు నీ స్కోరు కంటే ఆ ఇంటికి నీ రాకపోకలు ముఖ్యం.

రివర్స్‌లో కూడా ఆలోచించు. పిన్నివాళ్లే ఏదో ఇబ్బందిలో పడి ముప్పై రోజులు దాటి ఆలస్యం చేస్తే ఆ మచ్చ నీ రిపోర్టులోనూ కనిపించవచ్చు. అప్పుడు బ్యాంకుకు ఫోన్ చేసి నీ పేరు తీయించుకుని, ఆ ఖాతాను తొలగించమని మూడు సంస్థలనూ అడగవచ్చు.

డబ్బు తీసుకుని ముక్కూమొహం తెలియనివాళ్ల కార్డుల మీద పేరు చేర్చే వ్యాపారులు నీ కంటపడే ఉంటారు. వాళ్ల జోలికి పోవద్దు. ఈ వ్యాపారం ముదరడం చూసి 2007లో ఫైకో సంస్థ తన కొత్త స్కోరులో ఆథరైజ్డ్ యూజర్ ఖాతాలను పూర్తిగా వదిలేస్తానని ప్రకటించింది. మరుసటి ఏడు వెనక్కి తగ్గినా, అద్దెకు తెచ్చుకున్న ఖాతాలను వడగట్టే ఏర్పాటు చేసుకుంది.

పిన్ని కార్డు నీ పాత మచ్చలను చెరపదు. గడువు తప్పిన నమోదులు ఏడేళ్లు ఉంటాయి, ఏళ్లు గడిచేకొద్దీ వాటి ప్రభావం తగ్గుతుంది. పైగా రేపు ఇల్లు కొనడానికి వెళితే, కాగితాలు మనిషి కూర్చుని పరిశీలించే లోన్లలో ఇతరుల కార్డు చరిత్రను లెక్కలోకి తీసుకోకపోవచ్చు. పిన్ని కార్డు కొమ్మకు పెట్టిన ఊతకర్ర వంటిది, చెట్టు వేళ్లు నీవే కావాలి. కాబట్టి రెండు మూడు వందల డాలర్లు డిపాజిట్ కట్టి, ఆ డిపాజిట్ పూచీ మీద బ్యాంకు ఇచ్చే సెక్యూర్డ్ కార్డు ఒకటి తీసుకో, దాని మీద ఫోన్ బిల్లు ఒక్కటే పెట్టి, మొత్తం బాకీకి ఆటోపే పెట్టుకో. పాత కార్డుల్లో మిగిలిన బాకీని గడువులోకి తెచ్చుకోవడం దీనికన్నా ముందు జరగాలి.

యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్‌లో మూడు రిపోర్టులూ ఉచితంగా వస్తాయి. వాటిని దించుకుని ఈ శనివారంలోగా నాకు పంపు. నీవి కాని బాకీలు ఏవైనా ఉన్నాయేమో కలిసి చూద్దాం. సెక్యూర్డ్ కార్డు దరఖాస్తు మాత్రం పిన్ని జవాబు కోసం ఆగకుండా పెట్టెయ్యి.

ఇట్లు,
మీ మావయ్య