కోపం వచ్చినప్పుడు అరిచేస్తే తగ్గిపోతుందా?

తగ్గదు, అరిచేకొద్దీ కోపం ఇంకా పెరుగుతుంది. కోపం రాగానే ఒంట్లో ఎడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలై గుండె వేగం, బీపీ పెరుగుతాయి, కండరాలు బిగుసుకుంటాయి. అరవడం, తలుపులు బాదడం ఆ ఉద్రేకాన్నే పొడిగిస్తాయి. పదేపదే అలా చేస్తే అదే అలవాటుగా మారుతుంది.

పర్లాకిమిడి బజారులో ఒక కిరాణా కొట్టు అనుకోండి. మే నెల మధ్యాహ్నం, కరెంటు లేదు, యజమాని ఇంకా అన్నం తినలేదు. కుర్రాడు కందిపప్పుకు బదులు శనగపప్పు పొట్లం కట్టేశాడు. అంతే, త్రాసు గిన్నె బల్ల మీద ఠంగున పడింది. తప్పు చిన్నదే. కానీ ఆకలి, ఉక్క, నిద్రలేమి ముందే ఓపికను తినేస్తాయి, ఇది చాలామంది గమనించరు. అప్పుడు చేయాల్సింది నోరు తెరవకుండా కాస్త పక్కకు వెళ్ళి, నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం. ఊపిరి నెమ్మదిగా వదిలితే గుండె వేగం తగ్గుతుంది.

"లోపల దాచుకుంటే కుక్కర్‌లా పేలిపోతాం" అనుకోవడం అపోహ. కోపం ఆవిరిలా పేరుకోదు. అలాగని మింగేసుకోమనీ కాదు. చల్లబడ్డాక "కట్టేముందు ఒకసారి అడగరా అబ్బాయ్" అని చెప్పి తీరాలి.

చిరాకు కొత్తగా మొదలై, చేతులు వణుకుతూ బరువు తగ్గుతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించండి. చెయ్యి చేసుకునేదాకా వెళుతుంటే మాత్రం ఆలస్యం వద్దు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేయవచ్చు.