నర్సింగ్ విద్య – ప్రశ్నలు, జవాబులు: సిలబస్ చేతికొచ్చాక కళాశాల చేయవలసిన పని

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం బీఎస్సీ నర్సింగ్ పాఠ్యప్రణాళికను కళాశాల స్థాయిలో ఎలా రూపొందించుకోవాలి, అది సరిగా పనిచేస్తోందో లేదో ఎలా తేల్చుకోవాలి అన్న విషయం గురించే ఉన్నాయి. ఒకే తీరు ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: సిలబస్ భారత నర్సింగ్ కౌన్సిల్ ఇస్తుంది. పరీక్షలు ఆరోగ్య విశ్వవిద్యాలయం నిర్వహిస్తుంది. ఇక మాలాంటి ట్యూటర్లు పాఠ్యప్రణాళికను రూపొందించేదేముంది? ఇన్‌స్పెక్షన్ రోజున చూపించే ఫైలు తప్ప దీనివల్ల ప్రయోజనం ఉందా? (ట్యూటర్, ఏలూరు)

జవాబు: కౌన్సిల్ ఇచ్చేది దేశమంతటికీ వర్తించే కనీస ప్రమాణం. సవరించిన నిబంధనలు 2021లో గెజిట్‌లో వెలువడ్డాక బీఎస్సీ నర్సింగ్ ఏడాది పరీక్షల పద్ధతి నుంచి 8 సెమిస్టర్ల క్రెడిట్ పద్ధతికి మారింది. సెమిస్టరుకు 20 వారాలు. ఒక క్రెడిట్ అంటే థియరీలో వారానికి 1 గంట, ల్యాబ్‌లో 2 గంటలు, క్లినికల్‌లో 4 గంటలు. ఆ లెక్కన మొదటి సెమిస్టర్‌లోని నర్సింగ్ ఫౌండేషన్‌కు థియరీ 6 క్రెడిట్లకు 120 గంటలు, స్కిల్ ల్యాబ్ 2 క్రెడిట్లకు 80 గంటలు, క్లినికల్ 2 క్రెడిట్లకు 160 గంటలు వస్తాయి. యూనిట్లవారీగా ఏమి నేర్పాలో, ఏ పద్ధతిలో నేర్పవచ్చో, దేనితో పరీక్షించవచ్చో కూడా ఆ పత్రంలో ఉంటుంది. కానీ ఆ 160 గంటల్లో మీ విద్యార్థిని ఏ వార్డులో ఉంటుంది, ఎవరి పర్యవేక్షణలో పనిచేస్తుంది, బొమ్మ మీద రక్తపోటు చూడడం నేర్చుకున్న ఎన్నాళ్లకు మనిషికి చూస్తుంది అన్నవి ఢిల్లీలో కూర్చుని ఎవరూ నిర్ణయించలేరు. అవి నిర్ణయించేది మీరే. మాస్టర్ రొటేషన్ ప్లాన్ (ఏ బృందం ఎప్పుడు ఏ వార్డులో ఉండాలో చూపే పట్టిక) గీసే రోజున మీరు చేస్తున్నది పాఠ్యప్రణాళిక రూపకల్పనే. పాత ఏడాది ప్లాన్‌లో తేదీలు మార్చి సంతకం చేయిస్తే ఆ పని మీరు వదిలేసినట్టు.

రాల్ఫ్ టైలర్ అనే అమెరికన్ విద్యావేత్త 1949లో వేసిన నాలుగు ప్రశ్నలు ఈనాటికీ పనికొస్తాయి: ఏ లక్ష్యాలు సాధించాలి, వాటికి ఏ అభ్యసన అనుభవాలు కల్పించాలి, ఆ అనుభవాలను ఏ వరుసలో అమర్చాలి, లక్ష్యాలు నెరవేరాయో లేదో ఎలా తెలుసుకోవాలి. మన కళాశాలల్లో మొదటి ప్రశ్నకు కౌన్సిల్ పుస్తకంలోంచి జవాబు ఎత్తి రాస్తారు, నాలుగో దాన్ని విశ్వవిద్యాలయానికి వదిలేస్తారు, నడుమ రెండింటినీ ఎవరూ అడగరు. నా దృష్టిలో ఆ నడుమ రెండే ట్యూటర్ల సొంత పని, అందులోనూ వరుస మరీ ముఖ్యం. ఒకే జిల్లా ఆసుపత్రికి మూడు నాలుగు కళాశాలల విద్యార్థులు వచ్చే ఊళ్లలో వార్డు ఎప్పుడు ఖాళీగా దొరికితే అప్పుడు పోస్టింగ్ వేయడం మామూలైపోయింది. దాంతో ఆపరేషన్‌కు ముందు, తరువాత రోగిని ఎలా చూసుకోవాలో తరగతిలో వినకముందే కొందరు సర్జికల్ వార్డుకు వెళ్తారు, మరికొందరు విన్న మూడు నెలలకు వెళ్తారు. ఇద్దరూ ఒకే పరీక్ష రాస్తారు.

లక్ష్యాల విషయంలోనూ మీకు కొంత స్వేచ్ఛ ఉంది. “మంచానికే పరిమితమైన రోగి సంరక్షణ ప్రాముఖ్యాన్ని అర్థం చేసుకుంటుంది” అని రాస్తే, అర్థం చేసుకుందని చూసి చెప్పగలిగేవారు ఎవరు? “కదలలేని రోగిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతుంది, నడుము కింద, మడమల దగ్గర చర్మాన్ని పరిశీలిస్తుంది, ఎరుపు కనిపిస్తే నమోదు చేసి వార్డు ఇన్‌ఛార్జికి చెబుతుంది” అని రాసినప్పుడు ఏమి నేర్పాలో, ఎక్కడ నేర్పాలో, పరీక్షలో ఏమి చూడాలో మూడూ ఆ ఒక్క వాక్యంలోనే తేలిపోతాయి.

స్థానిక అవసరాలకు చోటు ఇవ్వడం కూడా మీ చేతిలోనిదే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఎంత విస్తరించిందో అందరికీ తెలిసినదే. అక్కడికి దగ్గరలోని కళాశాల తన సామాజిక ఆరోగ్య పోస్టింగ్‌ను, డయాలసిస్ యూనిట్ పరిచయాన్ని ఆ వ్యాధి చుట్టూ అమర్చుకుంటే సిలబస్‌లో ఒక్క గంట కూడా మార్చనక్కరలేదు. సికిల్ సెల్ రక్తహీనత కనిపించే మన్యం ప్రాంతాలలోనూ ఇదే దారి.

ప్రశ్న: మా కళాశాలలో ప్రతి సెమిస్టర్ చివర విద్యార్థుల అభిప్రాయ పత్రాలు తీసుకుని సగటు లెక్కవేసి భద్రపరుస్తున్నాం. ఉత్తీర్ణత శాతం కూడా బాగుంది. పాఠ్యప్రణాళిక మూల్యాంకనానికి ఇవి సరిపోవా? (వైస్ ప్రిన్సిపాల్, కరీంనగర్)

జవాబు: సరిపోవు. అభిప్రాయ పత్రం వృథా అనడం లేదు, కానీ అది చెప్పేది విద్యార్థులకు బోధన నచ్చిందా లేదా అన్నంతవరకే. శిక్షణల మూల్యాంకనానికి డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ 1959లో సూచించిన నాలుగు అంచెల్లో ఇది మొదటిది. తరువాతివి ఏమి నేర్చుకున్నారు, పనిలో ప్రవర్తన మారిందా, దానివల్ల సంస్థకు ఏ ఫలితం వచ్చింది అన్నవి. మన విషయంలో ఆ చివరి ఫలితం రోగికి అందాలి. ఉత్తీర్ణత శాతం రెండో అంచెలో కొంత భాగాన్ని మాత్రమే తాకుతుంది.

ఒక చిన్న నైపుణ్యం తీసుకుందాం. 500 మిల్లీలీటర్ల సెలైన్‌ను 8 గంటల్లో ఎక్కించాలి; మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్ ఉంది. నిమిషానికి ఎన్ని చుక్కలు? దాదాపు 21. ఈ లెక్క థియరీ పరీక్షలో చేసిన విద్యార్థినికి సూత్రం తెలుసు. 60 చుక్కల మైక్రోడ్రిప్ సెట్ చేతిలో పెట్టినప్పుడు లెక్క మారుతుందని గుర్తించి 62 అనో 63 అనో చెబితే, తెలిసినదాన్ని వాడుకోవడం వచ్చినట్టు. స్కిల్ ల్యాబ్‌లో గడియారం చూస్తూ చుక్కలు సరిచేసి చూపిస్తే చేసి చూపగలదని తేలుతుంది. అరవై ఏళ్ల గుండెజబ్బు రోగి చెయ్యి మడిచిపెట్టుకుని పడుకుంటే వేగం మారుతుందని ఎరిగి, ఎవరూ గమనించని రాత్రి డ్యూటీలో గంట గడిచాక తిరిగి వచ్చి చూసిందా? జార్జ్ మిల్లర్ 1990లో వైద్యవిద్య కోసం గీసిన పిరమిడ్‌లో ఈ నాలుగో మెట్టే శిఖరం. మన మార్కులన్నీ దాదాపుగా మొదటి మూడు మెట్ల దగ్గరే ఆగిపోతాయి, శిఖరాన ఉన్నది ఎవరి రిజిస్టరులోనూ చేరదు.

కాబట్టి మూల్యాంకనాన్ని ఏడాది చివర చేసే తంతుగా కాక ప్రణాళికతోపాటే మొదలుపెట్టండి. మూల్యాంకన నిపుణుడు డేనియల్ స్టఫుల్‌బీమ్ నమూనా ఇందుకు సాయపడుతుంది, ఎందుకంటే అది ఫలితాన్ని మాత్రమే కాక సందర్భాన్ని, వనరులను, ప్రక్రియను కూడా వేరువేరుగా చూడమంటుంది. ప్రసూతి నర్సింగ్‌లో మీ విద్యార్థులు వెనకబడ్డారనుకోండి. లోపం బోధనలో ఉండవచ్చు. లేదా పోస్టింగ్ ఉన్న ఆసుపత్రిలో కాన్పులు తక్కువై ఉండవచ్చు. లేదా కాన్పులు ఉన్నా మీ పిల్లలను లేబర్ రూమ్ గుమ్మం దగ్గరే నిలబెడుతూ ఉండవచ్చు. ఈ మూడింటికీ మందులు వేరు. సగటు మార్కు ఒక్కటే చూస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి.

చేయదగిన పనుల్లో అన్నిటికంటే చవకైనది, ఎక్కువ నిజం చెప్పేది లాగ్‌బుక్‌లను (విద్యార్థులు తాము చేసిన పనులు నమోదు చేసే పుస్తకాలను) రొటేషన్ ప్లాన్ పక్కన పెట్టి చదవడం. ప్లాన్‌లో రాసిన అనుభవం ఎంతమందికి నిజంగా దొరికిందో అక్కడ తెలుస్తుంది, ఒకే రోజున ఒకే చేతిరాతతో ఒకే సిరాతో నిండిన పేజీలు కనిపిస్తే అదీ ఒక సమాచారమే. ఆపైన ఇంటర్నల్ పరీక్షల్లో ఏ ప్రశ్నను తరగతి మొత్తం తప్పు రాసిందో చూడండి, ఉద్యోగంలో చేరిన ఆరు నెలలకు పూర్వ విద్యార్థులను, వారి వార్డు ఇన్‌ఛార్జులను విడివిడిగా అడగండి. తెలిసినదాన్ని బట్టి వచ్చే సెమిస్టర్‌లో ఏమి మార్చారో కమిటీ మినిట్స్‌లో రాయకపోతే మాత్రం ఈ శ్రమంతా మరో ఫైలవుతుంది.

ప్రశ్న: నేను ఒక ఆసుపత్రిలో వార్డు ఇన్‌ఛార్జిని. కొత్తగా వచ్చే బీఎస్సీ నర్సులకు రోగి పరిస్థితిని డాక్టరుగారికి ఫోనులో క్లుప్తంగా చెప్పడం రాదు, నలుగురు రోగులుంటే ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలో తోచదు. కళాశాలలవారు మమ్మల్ని ఎప్పుడైనా సంప్రదిస్తారా? (విశాఖపట్నం)

జవాబు: సంప్రదించవలసిందే. పాఠ్యప్రణాళిక కమిటీలో వార్డు నుంచి ఒక్కరైనా లేని కళాశాల తన విద్యార్థులు ఎక్కడికి వెళ్తారో తెలుసుకోకుండా సిద్ధం చేస్తున్నట్టే. మీరు చెప్పిన రెండు లోపాలూ విద్యార్థుల తెలివికి సంబంధించినవి కావు. మన క్లినికల్ బోధన ఇప్పటికీ ఒక విద్యార్థికి ఒక రోగిని అప్పగించి కేస్ స్టడీ రాయించే పద్ధతి మీదే నడుస్తోంది. నలుగురిలో ఎవరు ముందు అన్న ప్రశ్న ఆమెకు నాలుగేళ్లలో ఎదురుకాదు. నర్సింగ్ పరిశోధకురాలు ప్యాట్రీషియా బెన్నర్ 1984లో చెప్పినట్టు, కొత్తగా వచ్చినవారు నియమాలను పట్టుకుని పనిచేస్తారు, ఏది ముఖ్యమో ఏది కాదో పోల్చుకోవడం అనుభవంతో వస్తుంది. ఆ అనుభవాన్ని కళాశాల కొంతవరకైనా ముందుగా కల్పించగలదు.

కొత్త పద్ధతిలో ఇందుకు అవకాశం ఉంది. ఎనిమిదో సెమిస్టర్ పూర్తిగా ఇంటర్న్‌షిప్. ఇది 20 కాక 22 వారాలు, వారానికి 48 గంటలు, మొత్తం 1056 గంటలు. ఈ కాలాన్ని వార్డులో సిబ్బంది కొరత పూడ్చుకోవడానికి వాడుకునే ధోరణి మీ వైపు నుంచే కనిపిస్తుందని కూడా నిర్మొహమాటంగా చెప్పాలి. మొదటి వారాల్లో ఇద్దరు రోగులు, చివరికి వార్డు పద్ధతి ప్రకారం పూర్తి బాధ్యత, ప్రతి షిఫ్టు చివర పది నిమిషాల హ్యాండోవర్ (తరువాతి షిఫ్టువారికి రోగుల పరిస్థితి అప్పగించడం) ఆమె చేత చెప్పించి మీరు సరిదిద్దడం అన్న ఏర్పాటును కళాశాలతో కాగితం మీద రాసుకోండి. మీ ప్రశ్నకు సగం జవాబు మీ వార్డులోనే దొరుకుతుంది.

ప్రశ్న: కేర్ ప్లాన్లు (రోగి సంరక్షణ ప్రణాళికలు) అన్ని సార్లు చేత్తో ఎందుకు రాయాలి? సీనియర్లవి చూసి రాస్తే మార్కులు తగ్గడం లేదు కూడా. (నాలుగో సెమిస్టర్ విద్యార్థిని, కర్నూలు)

జవాబు: చూసి రాస్తే మార్కులు తగ్గకపోవడం మీ తప్పు కాదు, ఆ పనికి మార్కులు వేసే పద్ధతిది. మీరు చూసిన రోగి గురించి రోగి పక్కనే రెండు ప్రశ్నలు అడిగితే ఎత్తిరాతలు ఆ రోజే ఆగిపోతాయి. సంఖ్య తగ్గించి, రాసిన ప్రతిదాన్నీ మంచం దగ్గర చర్చించాలని మీ ట్యూటర్లను గౌరవంగా కోరండి. చేతిరాత అయినా టైపు అయినా తేడా లేదు.

ప్రశ్న: ప్రాక్టికల్ పరీక్షల్లో ఒక ఎగ్జామినర్ ఉదారంగా, మరొకరు కఠినంగా మార్కులు వేస్తున్నారు. ఆస్కీ (OSCE, వేరువేరు స్టేషన్లలో చెక్‌లిస్టుతో పెట్టే ప్రాక్టికల్ పరీక్ష) పెడితే ఈ తేడా పోతుందా? (అసిస్టెంట్ ప్రొఫెసర్, వరంగల్)

జవాబు: తగ్గుతుంది, పూర్తిగా పోదు. స్కాట్లాండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్, ఆయన సహచరులు 1975లో ఈ పరీక్షను పరిచయం చేసింది సరిగ్గా మీరు చెప్పిన ఇబ్బందికే: ఒకరికి సులభమైన రోగి, మరొకరికి కష్టమైన రోగి, ఒకరికి దయగల పరీక్షకుడు, మరొకరికి దయలేనివాడు. గంట కొట్టగానే విద్యార్థులందరూ ఒక స్టేషన్ నుంచి మరో స్టేషన్‌కు మారుతూ, అందరూ అవే పనులను అవే చెక్‌లిస్టుల కింద చేస్తారు కనుక అదృష్టం వాటా తగ్గుతుంది.

అయితే మూడు స్టేషన్లు పెట్టి ఆస్కీ అని పిలిస్తే ప్రయోజనం లేదు. విశ్వసనీయత (మళ్లీ పెట్టినా అదే ఫలితం రావడం) స్టేషన్ల సంఖ్యతో పెరుగుతుంది, సప్రమాణత (కొలవవలసినదాన్నే కొలవడం) మాత్రం మీ భారత్వ పట్టికతో, అంటే ఏ లక్ష్యానికి ఎంత వాటా అని చూపే పట్టికతో వస్తుంది. కోర్సు లక్ష్యాల్లో సంభాషణకు, రోగి భద్రతకు చోటిచ్చి, పరీక్షలో అన్ని స్టేషన్లూ ఇంజెక్షన్లకూ డ్రెస్సింగులకూ కేటాయిస్తే పరీక్ష ఎంత కచ్చితంగా జరిగినా తప్పు వస్తువునే కొలుస్తుంది. చెక్‌లిస్టులో అన్ని అంశాలకూ సమాన మార్కులు ఇవ్వకండి. మందు ఇచ్చేముందు రోగి పేరు, కేస్ షీట్ సరిచూడని విద్యార్థిని ట్రే ఎంత ముచ్చటగా సర్దినా ఆ స్టేషన్‌లో ఉత్తీర్ణురాలు కాకూడదని నా అభిప్రాయం. రోగి పాత్రకు శిక్షణ ఇచ్చిన సీనియర్ విద్యార్థులను కూర్చోబెట్టి, “ఆయాసంగా ఉందమ్మా, గుండెల్లో దడగా ఉంది” అని తెలుగులోనే చెప్పించండి. ఇంగ్లిషు పాఠ్యపుస్తకంలో చదివిన లక్షణాలను రోగి మాటల్లో పోల్చుకోగలుగుతోందో లేదో అక్కడ తెలుస్తుంది. పరీక్షకు ముందు ఇద్దరు ఎగ్జామినర్లు ఒకే విద్యార్థికి విడివిడిగా మార్కులు వేసి పోల్చుకునే రిహార్సల్ తప్పనిసరి. తేడా ఎక్కడ వచ్చిందో ఆ అంశం వాక్యాన్ని మార్చండి.

ప్రశ్న: ఎమ్మెస్సీ నర్సింగ్ పరిశోధనకు “బీఎస్సీ నర్సింగ్ పాఠ్యప్రణాళిక మూల్యాంకనం” అంశంగా తీసుకోవాలనుకుంటున్నాను. మార్గం చూపగలరు. (తిరుపతి)

జవాబు: అంశం మరీ పెద్దది, ఏడాదిలో తేలదు. ఒక కోర్సు, అందులో ఒక నైపుణ్యం తీసుకోండి. ఉదాహరణకు అసెప్టిక్ జాగ్రత్తలు (క్రిములు సోకకుండా తీసుకునేవి): పత్రంలో ఏమి రాశారు, తరగతిలోనూ ల్యాబ్‌లోనూ ఎన్ని గంటలు నిజంగా నేర్పారు, వార్డులో విద్యార్థులు ఏమి చేస్తున్నారు అని మూడు చోట్ల ఒకే పరిశీలన పట్టికతో చూడండి. రాసిన ప్రణాళికకూ అమలైన ప్రణాళికకూ నడుమ ఎంత ఎడం ఉందో, అది ఏ మెట్టు దగ్గర మొదలైందో చెప్పగలిగితే పరిశోధన పనికొచ్చినట్టే. ప్రశ్నావళి ఒక్కదానిమీదే ఆధారపడకండి. చేతులు కడుక్కుంటారా అని అడిగితే అందరూ కడుక్కుంటామనే అంటారు. ఎథిక్స్ కమిటీ అనుమతితోపాటు, వార్డు పరిశీలనకు ఆసుపత్రి సూపరింటెండెంట్ రాతపూర్వక అనుమతి కోసం కూడా మొదటి నెలలోనే దరఖాస్తు పెట్టుకోండి, అది ఆలస్యమైతే సెమిస్టర్ పోస్టింగులు అయిపోయి పరిశీలించడానికి విద్యార్థులే మిగలరు.