నాన్న గుర్తుగా బెంచీ

ప్రశ్న: మా నాన్న వడ్రంగి. పని లేని రోజున మమ్మల్నందరినీ తోటలో చింతచెట్టు కింద చేర్చేవారు. ఆయన దాచిన టేకు పలకలతో అక్కడే బెంచీ చేయిస్తున్నాం. ఎక్కువకాలం నిలవాలంటే?

జవాబు: ముందు పలకల అంచులు చూడండి. గోధుమరంగు చేవ ఉంచి, పక్కనున్న తెల్లచెక్క తీసేయించండి. చెద ముందు పట్టేది దానికే. కూర్చునే పలకలు అంగుళం మందం, మధ్య పావు అంగుళం సందు. సందు లేకపోతే వాననీళ్లు నిలుస్తాయి. ఎత్తు 17 అంగుళాలు చాలు. కాళ్లు మట్టిలో పాతొద్దు, కుళ్లు అక్కడే మొదలవుతుంది. రాతిపలక మీద నిలపండి. ఇనుప మేకులు టేకు మీద నల్లమరకలు పెడతాయి, స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలే వాడండి. వార్నిష్ ఎండకు పొరలుగా లేస్తుంది, అవిసె నూనె నయం. పేరు చెక్కించాకే నూనె పట్టించండి (నాన్నగారి ఉలి ఉంటే దాంతోనే). నూనె గుడ్డల్ని ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే అంటుకోవచ్చు, పరిచి ఆరనివ్వండి.