‘నా వల్లే వాడికి వచ్చింది’

గాజువాక నుంచి ఒక సోదరి రాశారు. ఆమె భర్తకు 38 ఏళ్లకే గుండెపోటు వచ్చి స్టెంటు వేశారు. కొలెస్టరాల్ వంశపారంపర్యమని తేలాక తొమ్మిదేళ్ల బాబుకు పరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్టరాల్ 215 ఉంది. ‘నా వల్లే వాడికి వచ్చింది’ అంటూ భర్త ముభావంగా ఉంటున్నారు. చిన్నపిల్లవాడికి మందులేమిటని అత్తగారు అడ్డుపడుతున్నారు. ఆర్‌కే బీచ్‌లో చెల్లెలికి బజ్జీ కొనిచ్చి తనకు వద్దన్నప్పుడు బాబు, ‘నేనూ నాన్నలా పడిపోతానా?’ అని అడిగాడు; ఆమె మాట మార్చేశారు.

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది 215 అనే అంకె కాదు, మీరు మాట మార్చడం. పెద్దలు దాటవేసిన విషయాన్ని పిల్లలు తమకు తోచినట్లు ఊహించుకుంటారు, ఆ ఊహ చాలాసార్లు నిజం కన్నా భయంకరంగా ఉంటుంది. ఇక్కడ నిజం అంత భయపెట్టేది కాదు: నాన్నకు గుండెపోటు వచ్చాక తెలిసింది, బాబుకు తొమ్మిదేళ్లకే తెలిసింది. ఈ మాట ఆయన నోటి వెంటే బాబు వినాలి.

అందుకు ముందు ఆయన తనను తాను నిందించుకోవడం మానాలి. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను కాలేయం తొలగించడానికి అవసరమైన జన్యువులో లోపం తల్లిదండ్రులలో ఒక్కరికి ఉన్నా, ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగానికి సగం ఉంటుంది. ఆయనకూ అది పెద్దల నుంచి వచ్చినదే కదా, వారిని ఆయన తప్పుపడతారా? మామగారు 45 ఏళ్లకే పోయారని మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. అత్తగారి మొండితనం వెనుక ఆ పాత దుఃఖం, నింద ఎక్కడ తమ వైపు వస్తుందోనన్న జంకు ఉన్నాయేమో చూడండి. ఆవిడతో వాదించకుండా, ఈసారి డాక్టరు దగ్గరకు ఆవిడనూ తీసుకువెళ్లండి. ఈ లోపానికి పథ్యం ఒక్కటే సాధారణంగా చాలదనీ, ఎనిమిది నుంచి పదేళ్ల వయసులో కొలెస్టరాల్‌ను తగ్గించే స్టాటిన్ మందు మొదలుపెట్టే విషయం వైద్యులు ఆలోచిస్తారనీ కోడలి కన్నా డాక్టరు చెబితేనే ఆవిడకు నమ్మకం కుదురుతుంది.

బజ్జీ మీద నాకు పగ లేదు గాని, ఒకరికి పెట్టి మరొకరికి వద్దనడం శిక్షలా కనిపిస్తుంది. వంట అందరికీ ఒకటే చేయండి. బీచ్‌లో కొంటే నలుగురూ తలా ఒకటి తినండి, లేకుంటే ఎవరూ వద్దు. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో వాహనాలు ఆపే వేళ తండ్రీకొడుకులు కలిసి నడిస్తే, నేను పైన చెప్పిన మాట అక్కడ సులువుగా వస్తుంది.

పాపకు ఇంకా పరీక్ష చేయించలేదన్నారు. ఆయనకు మళ్లీ రక్తపరీక్ష ఉన్న రోజునే పాపకూ చేయించండి.