పాత బేస్ ఆంప్లిఫయర్‌ను ఇక్కడ వాడుకోవచ్చా?

ప్రశ్న: అమెరికాలో ఉండే మా బాబాయి 1960ల నాటి ఫెండర్ బేస్‌మన్ ఆంప్లిఫయర్‌నూ, అదే కాలపు ప్రెసిషన్ బేస్ గిటార్‌నూ నాకు ఇచ్చారు. ఆంప్లిఫయర్ ప్లగ్‌కు రెండే పిన్నులున్నాయి. అక్కడ వాడినప్పుడే ఆగకుండా రొద వచ్చేదట. గిటార్ వాల్యూమ్ తిప్పితే గరగరమంటోంది. వీటిని బాగుచేసుకోవచ్చా?

జవాబు: తప్పకుండా చేసుకోవచ్చు, అవి శ్రమకు తగిన వస్తువులే. అయితే ఆంప్లిఫయర్‌ను మన సాకెట్‌లో నేరుగా పెట్టకండి. అది 120 వోల్టులకు తయారైనది, మన కరెంటు 230 వోల్టులు. వోల్టేజీని తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి, కనీసం 500 వీఏ (వోల్ట్-ఆంపియర్) సామర్థ్యమున్నది తీసుకోండి. ఆంప్లిఫయర్ లోపల 60 హెర్ట్జ్‌కు చేసిన పాత ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్‌లో కాస్త ఎక్కువ వేడెక్కుతుంది కనుక, మొదట్లో అరగంటకోసారి దాన్ని గమనించండి.

రెండు పిన్నుల ప్లగ్ గురించి గట్టిగా చెప్పాలి. ఆ కాలపు ఆంప్లిఫయర్లలో కరెంటు తీగకూ ఇనుప చట్రానికీ మధ్య ఒక చిన్న కెపాసిటర్ (విద్యుత్తును నిలవ ఉంచుకునే భాగం) ఉంటుంది. అది లోపల షార్టయితే చట్రానికి కరెంటు పాకి, గిటార్ తీగల మీదుగా వాయించేవారి చేతికి చేరవచ్చు. దాన్ని తీయించి, ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల తీగ వేయించాకే వాయించండి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌కూ, ఇంటి సాకెట్‌కూ ఎర్తింగ్ సరిగా ఉండాలి.

రొద ఎక్కడిదో తెలియాలంటే, ప్లగ్ పని పూర్తయ్యాక, ఆంప్లిఫయర్ వాల్యూమ్‌ను సున్నాకు తిప్పి వినండి. అప్పుడూ అంతే వినిపిస్తే పవర్ సప్లైలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయి ఉండవచ్చు. తగ్గిపోతే గిటార్‌నూ, కేబుల్‌నూ అనుమానించండి. ఈ కెపాసిటర్లు మార్చే పని మీరు చేయవద్దు. ప్లగ్ తీసేశాక కూడా వాటిలో 400 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. ఇలాంటి ట్యూబ్ (వాల్వ్) ఆంప్లిఫయర్లు తెలిసిన మెకానిక్‌కే ఇవ్వండి, పాత రేడియోలు బాగుచేసే పెద్దవాళ్లలో అలాంటివారు ఇంకా దొరుకుతారు. స్పీకర్ కలపకుండా మాత్రం ఆంప్లిఫయర్‌ను ఎన్నడూ ఆన్ చేయకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పాడవుతుంది.

గిటార్ పని మీరే చేసుకోవచ్చు. పిక్‌గార్డ్ (గిటార్ ముందువైపు బిగించిన పలక) విప్పి, వాల్యూమ్ కంట్రోల్ కాళ్ల పక్కనున్న సందులోంచి కాంటాక్ట్ క్లీనర్‌ను ఒక్క చుక్క కొట్టి, నాబ్‌ను ఇరవై ముప్పైసార్లు అటూఇటూ తిప్పండి. తుప్పు వదిలించే మామూలు స్ప్రే వద్దు, జిడ్డు మిగిలి దుమ్ము పడుతుంది. గరగర తగ్గకపోతే 250 కిలో ఓమ్‌ల కంట్రోల్ కొత్తది వేయండి, పాతదాన్ని మాత్రం పారేయకండి. దాని వెనక ముద్రించిన అంకెల్లో 137 అంటే సీటీఎస్ కంపెనీ, ఆ తర్వాతివి సంవత్సరం, వారం: 1376632 అని ఉంటే 1966లో ముప్పైరెండో వారం నాటిదన్నమాట. గిటార్ ఎప్పటిదో అంచనా వేయడానికి అది పనికొస్తుంది.